సీసా మీది ఇరవై ఐదు

మా అన్న కేతేపల్లి దగ్గరి ఊళ్లో మగ్గం నేసేవాడు. నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు అన్న కల్లు మానేసి వోడ్కా పట్టుకున్నాడు. కల్లులో ఏదో మందు కలుపుతున్నారని భయం. గట్టిదని విస్కీ అన్నా భయమే. వోడ్కా నీళ్లలా కనిపించేది, పెద్దగా వాసన వచ్చేది కాదు. రోజుకొక క్వార్టర్, అంతే. ఎవరితోనూ గొడవ పడలేదు, ఒక్కరోజూ పని మానలేదు. అతన్ని తాగుబోతని మేమెవరమూ అనుకోలేదు.

ఒక ఎండాకాలం అన్న కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు వాచాయి. నల్గొండ తీసుకొచ్చి దవాఖానలో చూపించాను.

"రోజూ ఎంత తాగుతావు?" అని అడిగాడు డాక్టరు.

"క్వార్టర్ సారు. గట్టిది గాదు, పల్చటిదే. ఇరవై ఐదుది."

డాక్టరు నావైపు తిరిగాడు. "ఆ సీసా ఒకసారి చదవండమ్మా."

మర్నాడు వదిన అన్నం సంచిలో ఖాళీ సీసా పెట్టుకొచ్చింది. వార్డు కిటికీ దగ్గర నిలబడి చదివాను. నలభై రెండు పాయింట్ ఎనిమిది శాతం. పక్కన, డెబ్బై ఐదు డిగ్రీల ప్రూఫ్. కింద, 25 యు.పి. ఇంగ్లీషు రాని అన్న ఆ చివరి అంకె పట్టుకుని, నూటికి ఇరవై ఐదు పాళ్లే అనుకున్నాడు.

ప్రూఫ్ అనేది బ్రిటిషువాళ్ల పాత కొలత. వాళ్ల లెక్కలో నూరు ప్రూఫ్ అంటే నూటికి యాభై ఏడు పాళ్ల ఆల్కహాలు. యు.పి. అంటే ఆ నూరుకు ఎంత తక్కువో చెప్పే అంకె. ఇరవై ఐదు తీసేస్తే డెబ్బై ఐదు ప్రూఫ్. అంటే యాభై ఏడులో ముప్పావు వంతు, దాదాపు నలభై మూడు పాళ్లు.

"అన్నా, నువ్వు అనుకున్నది గాదే. నూటికి నలభై మూడు పాళ్లు సారాయే."

"మరి కల్లు?"

"నాలుగో ఐదో ఉంటది."

"విస్కీ?"

"గిదెంతనో గదంతే."

అన్న సీసా తీసుకుని ఆ అంకె మీద వేలు పెట్టాడు. "పిల్లలకు చెప్తవు గద చెల్లె. నాకెందుకు చెప్పలె?"

గొంతులో కోపం లేదు. ఆ సీసాలు మగ్గం పక్క గూట్లో ఎన్నిసార్లు చూశానో. పెద్దవాడి మందు సీసా చేతిలోకి తీసుకోవడం మర్యాద కాదనుకున్నాను.

ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని డాక్టరు దవాఖానలోనే ఉంచి మాన్పించాడు. మళ్లీ ముట్టలేదు గానీ చేతులు వణికేవి. తెగిన పోగులు వదిన అతికేది.

ఒక ఆదివారం అన్న నన్ను పిలిపించి, వాడకట్టులోని నేతపనివాళ్లను అరుగుమీద కూర్చోబెట్టాడు. "మా చెల్లె చెప్తది, ఇనుండ్రి" అన్నాడు. సీసా పట్టుకుని అంతా చెప్పాను.

ఒకాయన నవ్వాడు. "గిన్నేండ్ల సంది తాగుతున్నం. ఏమైంది?"

అన్న అంగీ పైకెత్తి, ఉబ్బిన కడుపు చూపించాడు. ఆ నవ్వినాయన తల దించుకున్నాడు.

ఆ వానాకాలమే అన్న పోయాడు. పదకొండో రోజున ఇద్దరు ముగ్గురు అరుగు దగ్గరికి వచ్చి, మేం మానేసినమమ్మా అన్నారు. మిగతావాళ్లు నాతో మాట్లాడకుండానే అన్నం తిని వెళ్లిపోయారు.