ఎడమకు వెళ్లాల్సిన దీపం

భార్య పోయిన మూడో నెలలో ఎలక్ట్రీషియన్ అక్క అడిగిన లెక్కల బోర్డు ముగించాడు. అక్క బళ్లో లెక్కల పంతులమ్మ. అంకెలు పదేసి చొప్పునే ఎందుకు గుంపు కట్టాలి, ఎనిమిదేసో రెండేసో కట్టకూడదా అన్నది పిల్లలు బొత్తాం నొక్కి తెలుసుకునే బోర్డు కావాలంది. ఆలుమగలిద్దరూ కలిసి మొదలుపెట్టారు. అతని రాత కోడి గీరినట్టుంటుంది కనుక, ప్లైవుడ్ చెక్క మీద తిప్పే మీట చుట్టూ ‘పది’, ‘ఎనిమిది’, ‘రెండు’ అని కుంచెతో రాసింది ఆవిడే. తర్వాత జ్వరం. తర్వాత ఆసుపత్రి. ఆ తర్వాత వైర్లు అతనొక్కడే కలిపాడు.

శుక్రవారం మధ్యాహ్నం అక్క అతని కొట్టుకు వచ్చి, మీటను ఎనిమిది మీద పెట్టి బొత్తాం నొక్కసాగింది. ఒక్కో నొక్కుకి ఒక్కో బల్బు. ఎనిమిదో నొక్కుకి వెలిగిన ఏడూ ఆరిపోయి, కుడి పక్క వరుసలో ఒకటి వెలిగింది.

“ఒరేయ్, ఒకట్లు ఎడమ చివర పెట్టావేంట్రా?”

“మొదటి స్విచ్చి ఎడమవైపే కదక్కా.”

“అది నీ స్విచ్చిబోర్డులో! ఇలాగైతే పిల్లలు పన్నెండుని ఇరవై ఒకటంటారు. ఊరందరికీ ఫ్యూజులేస్తావు, నీ బుర్రలోదే పోయిందా?”

మునుపైతే ఒకటికి రెండు అంటించేవాడు. ఇప్పుడు బొత్తాం ఇంకోసారి నొక్కి చూశాడు.

“సోమవారమే క్లాసు. తలకిందులుగా తగిలిద్దాం, కుడెడమలు మారిపోతాయి. ఆ రాతల మీద రంగు కొట్టేసి మళ్లీ రాస్తాను. పది నిమిషాల పని.”

అతను బోర్డు బోర్లించి, వెనక రేకు విప్పాడు.

“ఏం చేస్తున్నావ్?”

“వైర్లు మారుస్తా.”

“అన్నీనా? పిచ్చా నీకు?”

అడిగాక ఆమెకు గుర్తొచ్చింది, ఆ రాత ఎవరిదో. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది.

“ఇంకో స్క్రూడ్రైవరుందా?”

“వద్దక్కా. కలగాపులగం చేస్తావు.”

ఆదివారం మధ్యాహ్నానికి పనయింది. మీటను రెండు మీద పెట్టి నొక్కాడు. కుడి చివర ఒకటి వెలిగింది. మళ్లీ నొక్కితే అది ఆరి, దాని ఎడమ పక్కది వెలిగింది. సరిపోయింది. తన లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు నిలబడి చూశాడు. ఏమీ కదల్లేదు. రాతలకు తగలకుండా చుట్టూ దుమ్ము తుడిచి, అక్కకు ఫోన్ చేశాడు.

“ఎలా ఉంది, తమ్ముడూ?”

కొంచెం ఆలోచించాడు.

“దీపం ఎడమకే వెళ్తోంది.”