ప్రభావతి పుపూసాల మీద పడిన నింద

విదేశంలోని నేస్ పట్టణపు తెలుగు సంఘం, వినాయక చవితి విందుకు ప్రభావతి చేసిన పుపూసాలను, ఆమెను ఒక్క మాటైనా అడగకుండా చెత్తబుట్టలో పారబోసింది. సంఘం వంటింట్లో ఆమె వంతునూ రద్దు చేసింది.

ప్రభావతిది తెనాలి. ఇక్కడ ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తుంది. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన డెల్మీ ఆమెకు తోటి వంటమనిషి. మొక్కజొన్నపిండి ముద్దలో చిక్కుడుగింజల పూర్ణం, చీజ్ పెట్టి, బొబ్బట్టులా మూసి, అరచేతుల మధ్య తట్టి పెనం మీద కాల్చే ఈ పుపూసాలను డెల్మీయే నేర్పింది. డెల్మీ ఇంట్లో పంది మాంసమూ కూరుతారు. అందుకే చవితి వంటకు ప్రభావతి, డెల్మీ పెనం అడగకుండా, సంఘం హాలుకు సొంత పెనం తెచ్చుకుంది. పిండి చేతికి అంటుకోకుండా గిన్నెడు కొబ్బరినూనె పక్కన పెట్టుకుంది. హాలు చలికి అది తెల్లగా పేరుకుంది.

విస్తళ్లు సర్ది వచ్చేసరికి పుపూసాల ట్రే లేదు.

"ట్రే ఏదమ్మా శ్రావ్యా?"

"అయిపోయినయ్ ఆంటీ! సూపర్ అన్నరు అందరు." సంఘం కార్యదర్శి చక్రధర్ భార్య శ్రావ్య నేల చూపులు చూసింది.

"అయిపోతే నంజుకునే క్యాబేజీ పచ్చడికి మూతైనా తియ్యలేదేం?"

అనుమానం తోసుకురాగా ప్రభావతి చెత్తబుట్ట మూత ఎత్తింది. పుపూసాలన్నీ అందులోనే ఉన్నాయి.

"ఏం బాబూ చక్రధర్, ఏంటిది?" అటుగా వచ్చిన అతణ్ని నిలదీసింది.

"ఏమనుకోకుర్రి ఆంటీ. ఫోన్‌ల చూసిన, పంది మాంసం పెడ్తరట. గిన్నెల కొవ్వు గూడ కండ్లార చూసిన."

"కొవ్వా? మీ ఇంట్లో పేరుకున్న తలనూనె గది హీటర్ మీద పెట్టి కరిగించుకోరూ? ఇదిగో, వాసన చూడు!"

అతడు గిన్నె అందుకోలేదు. "గిన్నె మార్చిన్రేమో, ఎవరికెరుక?"

నిందితురాలు సాక్ష్యాన్ని ముక్కు దగ్గరికి తెస్తే, తీర్పరి ముఖం తిప్పుకున్నాడు. విచారణ అక్కడితో సరి.

ఆ తర్వాత బస్టాపులో ఇద్దరు తెలుగువాళ్లు గొంతు తగ్గిస్తే, తన గురించేనని ప్రభావతికి అనిపించేది. ఒక ఉదయం క్యాంటీన్‌లో డెల్మీ ఇచ్చిన పిండి సంచిని విప్పి, కొవ్వు తగిలిందేమోనని తెలియకుండానే వాసన చూసింది. తలెత్తేసరికి డెల్మీ చూస్తోంది. డెల్మీ పెనం వైపు తిరిగింది. ఆ పూట వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

చక్రధర్ గారూ, కార్యవర్గ సభ్యులారా! మీ అనుమానం చివరికి ఆ స్నేహం దాకా పాకింది. ప్రభావతి వంతు ఆమెకు తిరిగి ఇవ్వండి. నింద ఏ హాలులో వేశారో ఆ హాలులోనే, విందుకు వచ్చిన వారందరినీ పిలిచి, డెల్మీ కూడా వింటుండగా, అది అబద్ధమని మీ నోటితో చెప్పండి.