బోధన్ బెల్లపు పెనం దగ్గర నేను నోరు మూసుకున్న పూట

నిజామాబాదు బజారులో నాకు చిన్న బట్టల కొట్టు ఉంది. నోటితో బతికేవాణ్ణి. చీర మడత విప్పకముందే దాని గొప్పంతా చెప్పేస్తాను. అలాంటి నా ఇంట్లో, నాలుగో ఏడు నడుస్తున్న నా కూతురు కమలకు ఒక్క మాటా రాలేదు. మా అమ్మ చూసి చూసి, నాలుక కింద నరం కోసే మనిషిని శుక్రవారానికి పిలిపించింది. "కోస్తే గడగడ మాట్లాడుతదట" అని ఆమె నమ్మకం. ఆ కత్తి తలుచుకుంటేనే నా గుండె గుభేలుమనేది. నా భార్య పచ్చి బాలింత, ఏడవడం తప్ప ఏం చేయగలదు? మంగళవారం కొట్టుకు వచ్చిన చందూర్ రైతు ఒకడు సంగతి విని, "బోధన్ కాడ ఎల్లయ్య అని పుట్టు చెవిటాయన ఉన్నడు సేటూ. మాట కూడ లేదు. బెల్లం వండుట్ల ఆయన్ని మించినోడు లేడు. ఆయన భార్య లచ్చవ్వకు బిడ్డను సూపెట్టు, గిసొంటియి ఆమెకు ఎరుక" అన్నాడు. మర్నాడే బయలుదేరాను. నాలాగే బిడ్డను వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి మొదటి మోటారు బస్సు అన్నారు. నిండితే గాని కదలదు కాబట్టి ఎనిమిదైంది. మనిషికి నిజాం హాలీ సిక్కాలో ఆరణాలు, ఒళ్లో పిల్లకు ఏమీ లేదు. పదహారు మైళ్ల దారి. జానకంపేట, ఎడపల్లి దాటాక రెండు పక్కలా చెరుకే, ఆకాశం తప్ప మరేమీ కనబడదు. ముందు సీటు దొరికింది గనక డ్రైవరుతో కబుర్లలో పడ్డాను. అతను కమల వైపు తిరిగి "నీ పేరేంది బిడ్డా?" అన్నాడు. "కమల" అన్నాను నేను. "ఆకలైతుందా?" అన్నాడు. "లేదు లేదు, పొద్దుగాలనే తిన్నది" అన్నాను. "నేను బిడ్డను అడిగిన సేటూ!" అని అతను నవ్వాడు. నేనూ నవ్వాను. చూశారా, తొమ్మిది గంటలకే ఆ డ్రైవరు నా జబ్బేమిటో చెప్పేశాడు, నా బుర్రకే ఎక్కలేదు.

బోధన్‌లో దిగి రెండణాలకు ఎడ్లబండి మాట్లాడుకుంటే రెండు మైళ్ల అవతల గానుగ. ఎద్దులు తిరుగుతున్నాయి, చెరుకు రసం కుండల్లోకి పారుతోంది, ఇంత పెద్ద పెనం కింద పిప్పి మండుతోంది. పెనం దగ్గర నిలబడ్డ సన్నటి మనిషే ఎల్లయ్య. లచ్చవ్వకు యాభై ఏళ్లుంటాయి. నేను చెప్పిందంతా విని, లేచి కమల వెనక్కి వెళ్లి రెండు గరిటెలు టంగుమని కొట్టింది. కమల గిరుక్కున తిరిగింది. "ఇనబడుతది. మంచిదే" అంది లచ్చవ్వ. తర్వాత మమ్మల్నే చూస్తూ కూర్చుంది. కమల నీళ్ల కుండ వైపు చూసింది, నేను నీళ్లు తాగించాను. చెరుకు వైపు చూసింది, గడ విరిచి చెక్కు తీసి చేతిలో పెట్టాను.

"కొడుకా, పొద్దటి సంది బిడ్డ నిన్ను ఏమన్న అడిగిందా?"

"అడగాల్నా అవ్వా? దాని కండ్లు సూస్తే నాకు తెల్వదా?"

"అందుకే అడుగుతలేదు" అంది. "ఈ పెనం దిగెదాక నువ్వు నోరు మెదపొద్దు. ఏమీ అందియ్యొద్దు. గా మూలకు కూసోని సూస్తుండు, అంతే."

అబ్బబ్బ, ఒక పెనం దిగడమంటే దాదాపు మూడు గంటలని నాకేం తెలుసు! కొట్టులో గుడ్డ అమ్ముడుపోని రోజు కూడా అంత కష్టపడలేదు. నోరు మూతపడ్డాక కళ్లు తెరుచుకున్నాయేమో, అప్పుడు చూశాను. అక్కడ పనిచేసేవాళ్లెవరూ ఎల్లయ్యకు వెనక నుంచి ఏదీ చెప్పరు. ఎదురుగా వచ్చి, ఆయన చూసేదాకా ఆగి, అప్పుడు చెయ్యి ఆడిస్తారు. అరచెయ్యి కిందికి దించితే మంట తగ్గించమని. రెండు వేళ్లు రాపాడిస్తే పాకం చూడమని. నాకంటే ముందే కమల అదంతా పట్టేసింది, రెప్ప వేయకుండా చూస్తోంది.

పాకం చిక్కబడింది. ఎల్లయ్య చల్లటి నీళ్లలో కొంచెం వేసి, ఉండ చేసి, చల్లారాక పెనానికి దూరంగా వచ్చి కమల ముందు గొంతుక్కూర్చున్నాడు. బెల్లం అరచేతిలో ఉంది. ఇవ్వలేదు. కనుబొమ్మలెత్తి ఆమె ముఖంలోకి చూస్తూ ఆగాడు. కమల నా వైపు తిరిగింది. 'దానికి బెల్లం కావాలె' అన్న మాట నా పళ్ల దాకా వచ్చింది. లచ్చవ్వ గుడ్లురిమింది. కమల కాళ్లు నేలకేసి తన్నింది, ఏడ్చింది. ఆయన తన వేళ్లు కూడదీసి నోటి దగ్గర పెట్టుకుని చూపించాడు, మళ్లీ ఆగాడు. ఎంతసేపో! చివరికి నా బిడ్డ ఏడుపు ఆపి, ఆయన ధోవతి కొంగు పట్టి లాగి, ఐదు వేళ్లూ కూడదీసి నోటి దగ్గర పెట్టుకుని "ఆఁ" అంది. ఆ క్షణమే బెల్లం చేతిలో పడింది. మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చాడు. అంతమందిలో సిగ్గు లేకుండా ఏడ్చాను.

"మాట ఎప్పుడొస్తదో నాకు ఎరుక లేదు కొడుకా" అంది లచ్చవ్వ. "పెండ్లైన కొత్తల నేను కూడ నీ లెక్కనే. ఈయన సైగ చెయ్యకముందే అన్నీ తెచ్చి ముంగట పెడుతుంటి. ఒకనాడు పల్లెం ఇసిరి కొట్టిండు. అడిగేటోళ్లను అడగనియ్యాలె అని అప్పుడు తెలిసింది." ఏమైనా పుచ్చుకోమంటే వద్దంది. ఆమెకూ, ఆయనకూ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. పెట్టేముందు ఆయన నా వైపు చూసేదాకా ఆగాను.

మూడింటి మోటారెక్కి, అది నిండి కదిలేసరికి ఆలస్యమై, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. అమ్మ గడపలోనే ఉంది. "ఏమన్నదిరా ఆమె? మూగనేనా?" అంటూ కమల గడ్డం పట్టుకుని, "ఆకలైతుందా బిడ్డా?" అంది.

"అయితుందమ్మా, పొద్దటి సంది..." అని మొదలుపెట్టాను. పాడు అలవాటు! చంకలో ఉన్న కమల, బెల్లం జిగురుతో ఉన్న అరచెయ్యి తెచ్చి నా నోటి మీద గట్టిగా అదిమింది. తర్వాత నానమ్మ వైపు తిరిగి, వేళ్లు కూడదీసి, "ఆఁ" అంది.

"నన్నే అడిగిందిరా!" అని అమ్మ నా చంకలోంచి బిడ్డను లాక్కుని లోపలికి నడిచింది. మర్నాడే, ఆ నరం కోసే మనిషికి రావద్దని కబురు పంపింది కూడా ఆమే.

ఇప్పుడు కమలకు ఏడెనిమిది మాటలున్నాయి, సైగలు అంతకు రెట్టింపు. అన్నాళ్లూ నా ప్రేమే దాని నోటికి అడ్డు నిలిచిందని తలుచుకుంటే ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది. ఒక్క మాట పలకని మనిషి నా బిడ్డకు అడగడం నేర్పాడు, నాకు ఆగడం నేర్పాడు. ఆ ఇంటి రుణం ఏం చేస్తే తీరుతుంది? వెళ్లాలనుకునేవారు చలికాలంలోనే వెళ్లండి, శివరాత్రి దాటితే గానుగ ఆగిపోతుంది. అక్కడ తిండి దొరకదు గనక పిల్లలకు రొట్టె, పెరుగన్నం మూట కట్టుకుపోండి. వాళ్లు అడిగేదాకా మాత్రం ఆ మూట విప్పకండి.