చెక్‌డ్యామ్ కింద చెయ్యి పట్టుకున్నామె

దయ్యం, గాలి అని ఎవరన్నా మాట్లాడితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది మదనపల్లె. నా భర్త రమణకు సూళగిరి దగ్గర కంపెనీలో పని. కాపురం తమిళనాడులో, హోసూరులో. వానలకు దక్షిణ పినాకిని నిండుగా పారుతున్న ఒక ఆదివారం, ఆయన స్నేహితుడు సురేష్ కొత్తగా కొన్న రబ్బరు పడవను ఇద్దరూ కలిసి ఏట్లో వేశారు. ఇద్దరికీ పడవ కొత్తే. రమణకు ఈత కూడా రాదు. నేను గట్టు మీద నుంచి వీడియో తీస్తున్నాను.

దిగువన ఏటికి అడ్డంగా చెక్‌డ్యామ్ గోడ ఉంది. ఛాతీ ఎత్తు కూడా ఉండదు. పడవలో వచ్చేవాళ్ళకు నీళ్ళు నున్నగా కనిపిస్తాయి గానీ గోడ కనిపించదు. మేకలు తోలుకుపోతున్న ఒకాయన అరిచాడు.

"ఆడికి పోవద్దండప్పా! గోడ కింద నీళ్ళు మనిషిని ఇడ్సవు!"

సురేష్ దూకి గట్టుకు ఈదేశాడు. పడవ రమణతో సహా గోడ దాటింది.

పడిన నీళ్ళు ముందుకు పోవడం లేదు. వెనక్కి మళ్ళి గోడకేసే దొర్లుతున్నాయి. రమణ తల తేలుతుంది, మళ్ళీ ధార కిందికి పోతుంది. చివరికి తేలడం ఆగిపోయింది. నేను అరుస్తూ గట్టు వెంట పరుగెత్తాను. చాలా దిగువన, బండల దగ్గర పైకి తేలాడు. మేకలాయన, నేను కలిసి గట్టుకు లాక్కొచ్చాం.

ఊపిరి అందగానే అడిగిన మొదటి మాట: "ఆమె యాడ?"

"ఎవరామె?"

"నా చెయ్యి పట్టుకొనిందే! పైకి కొట్టుకోవద్దు, అడుక్కి పో, అడుగు నీళ్ళు బయటికి తోస్తాయి అనింది. తెలుగులోనే అనింది. చెయ్యి ఎంత వెచ్చగా ఉన్నిందో!"

ఆడ మనిషి ఎవరూ లేరు. మేకలాయన చూడలేదు. వీడియోలోనూ లేదు. మనిషి బతికాడన్న సంతోషం కన్నా ముందు నా గుండెలో భగ్గుమన్నది వేరే. పక్కన ఏడుస్తున్న నన్ను వదిలి ఆయన కళ్ళు నీళ్ళలో ఆమెను వెతుకుతున్నాయి.

ఆయన మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి. ఇంటికొచ్చాక వాటి మీద నా వేళ్ళు ఆనించి చూశాను. ఆమెవి పొడుగు, సన్నం. పడవ తాడు ఒరుసుకుని ఉంటుందన్నాడు సురేష్. అయ్యుండొచ్చు. తాడు మాట్లాడుతుందా?

ఇప్పుడు కృష్ణగిరికి పోయే బస్సు ఏటి వంతెన ఎక్కితే రమణ మాట మధ్యలో ఆపేసి కిటికీలోంచి చూస్తాడు.

"ఏముంది ఆడ?" అంటే, "ఏం లేదులే" అంటాడు.

ఆమె ఎవరో, అసలు ఉందో లేదో నాకు తెలియదు. ఆమె లేకపోతే నాకు మొగుడు లేడన్నది మాత్రం తెలుసు. అయినా ఆ ఏటికి దండం పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.