అమ్మ చేతుల మాట

నేను చేసేది ఆర్టు అంటే మావాళ్లకు నవ్వొస్తుంది. బొమ్మ గీయను, పాట పాడను. మాట్లాడేటప్పుడు మనిషి చేతులు ఏం చేస్తాయో చూసి, దాన్నే జనం ముందు చేసి చూపిస్తాను. "దీన్ని చూట్టానికి జనం వస్తారంటావా?" అన్నాడు నందిగామలో ఉండే మావయ్య.

అమ్మ చందర్లపాడులో మిరప కోతలకు వెళ్లేది. కోతల్లో ఆడవాళ్లు ముక్కూ నోరూ కప్పి గుడ్డ కట్టుకుంటారు. నోరు తెరిస్తే ఘాటు గొంతులోకి దిగి దగ్గు ఆగదు. అందుకే సాళ్ల మధ్య కబుర్లన్నీ చేతులతోనే. కణతకు వేలు ఆనిస్తే ఎండెక్కిందని, మణికట్టు తిప్పితే ఆటో వచ్చిందని. గొంతు కాన్సర్‌కి ఆపరేషన్ చేశాక అమ్మకు మాట పోయింది, ఇంట్లోనూ ఆ చేతులే మిగిలాయి. బంధువులు పలక తెచ్చిచ్చారు. అమ్మకు రాయడం రాదన్న సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మంచం పక్కన కూర్చుని ఆ సైగలు ఒక్కొక్కటే నేర్చుకున్నాను. అమ్మ పోయినా ఈ మాట పోకూడదని నా పట్టుదల.

అమ్మ పోయిన ఏడాదికి జగ్గయ్యపేటలో, ఒక స్కూలు హాల్లో, ముఖానికి అమ్మ గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. నేను సైగ చేస్తుంటే దాని అర్థం ప్రొజెక్టర్‌తో వెనక గోడ మీద తెలుగులో పడుతోంది. ముందు వరసలో పిన్ని ఉంది. అమ్మకు చెల్లెలు, ఏళ్ల తరబడి పక్క సాల్లోనే కోసిన మనిషి. ఉన్నట్టుండి లేచొచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

తిన్నావా అని చేశాను. తిన్నానంది చేత్తోనే. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయన్నాను. ఫర్వాలేదంది. నాకు కళ్లు నిండాయి. అమ్మ మాట బతికే ఉందనుకున్నాను.

అప్పుడు పిన్ని రెండరచేతులూ కలిపి, మెల్లగా విడదీసి, నా వంక చూసింది. ఏదో అడుగుతోంది. నాకు అర్థం కాలేదు. మళ్లీ చేసింది. అమ్మ నాతో అన్నవే నేను నేర్చుకున్నాను. ఇంట్లో మేమంతా అమ్మను నోటితోనే అడిగేవాళ్లం. తోటి కూలీలు తనను చేతులతో ఏమేం అడిగేవాళ్లో నేనెప్పుడూ చూడలేదు.

గుడ్డ కిందికి లాగి, "ఏమడుగుతున్నావు పిన్నీ?" అన్నాను.

పిన్ని చేతులు ఒళ్లో పెట్టేసుకుంది.

"ఏం లేదులే అమ్మా. అది అక్కని అడిగే మాట. ఇంకెవర్ని అడుగుతా?"