మంజుల మ్యాపుకు నేను కోసిన అంచు

2023 వేసవి. హిందూపురంలో మాది ఫ్రేములు కట్టే దుకాణం. పెళ్లి ఫోటోలు, దేవుడి పటాలు తప్ప వేరే పని వచ్చేది తక్కువ. అలాంటిది ధర్మవరం నుంచి మంజుల అనే డ్రాయింగ్ టీచరు ఒక కొలాజ్ తెచ్చింది. కాగితాలు కత్తిరించి ఒకే అట్ట మీద అంటించి చేసే బొమ్మను అలా అంటారు. ఈమె అంటించినవన్నీ మ్యాపుల జిరాక్సులే. బెంగళూరులో ఆమె మొదటి ప్రదర్శనకట. మరుసటి రోజు మధ్యాహ్నం రైలుకు ఫ్రేము సిద్ధంగా ఉండాలంది.

నాకైతే ఆ మ్యాపు తలకెక్కలేదు. పెనుకొండ ఎక్కడో మూలన ఉంది. ధర్మవరం బొటనవేలంత. పేరైనా లేని ఒక బోరు మాత్రం అరచేయంత ఉంది.

"ఇదేందమ్మా, కొలతలన్నీ తప్పుండాయి?" అన్నాను.

"మాయమ్మ గొర్రెలు తోలుకొని తిరిగే దారన్నా ఇది. నీళ్లిచ్చిన తావులు పెద్దగా, దగ్గరగా పెట్టినా. తరిమిన ఊర్లు దూరంగా పెట్టినా. రెండేండ్లు పట్టింది" అంది.

ఆ దారి పొడవునా ఎర్ర పట్టుదారం అంటించి ఉంది.

అద్దం బిగించే ముందు మౌంట్ వేస్తాం, అంటే బొమ్మ చుట్టూ ఉండే దళసరి అట్ట. దానికి బొమ్మ అంచులు తిన్నగా ఉండాలి. కింద రెండు వేళ్ల వెడల్పు ముక్క ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే, అంటించగా మిగిలిందనుకున్నాను. ఇరవై ఏళ్ల అలవాటు, బొమ్మను బోర్లా వేసి స్కేలు పెట్టి బ్లేడుతో కోసేశాను. మేకులు కూడా కొట్టేశాక, చెత్త ఊడుస్తుంటే ఆ ముక్క కనబడింది. దాని మీద ఎర్ర దారం ఉంది.

ముక్కను సొరుగులో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. ఫోను చేద్దామని నంబరు దాకా పోయి ఆగాను. ఇంత ముక్క ఎవరు చూస్తారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తుడిచిన అద్దాన్నే నాలుగుసార్లు తుడిచాను. మర్నాడు రెండు గంటలకు ఆటో చప్పుడైతే సొరుగు గట్టిగా నెట్టేశాను.

మంజుల బయట ఆటో అతనితో మాట్లాడుతోంది. ముందు వాళ్లమ్మ నాగమ్మ లోపలికొచ్చింది. కనగానపల్లి దగ్గరి పల్లె ఆమెది, చదువు రాదు. అద్దం మీద వేలు పెట్టి దారం వెంబడే నిదానంగా దిగింది. బోరు దగ్గర కాసేపు నిలిచి కదిలింది. కింది అంచుకొచ్చి వేలు ఆగిపోయింది.

"ఏమప్పా, ఈడికే అయిపోయినాది. మా ఇంటికి ఎట్ల పోవల్ల?"

సొరుగు తెరిచి ముక్క ఆమె చేతిలో పెట్టాను. అప్పుడే లోపలికొచ్చిన మంజుల అది చూసి స్టూలు మీద కూలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది.

"కనపడకుండా అతికిస్తానమ్మా" అన్నాను.

నాగమ్మ కూతురి వైపు తిరిగింది. "ఆ తావ ఇప్పుడు కంచె ఏసినారు కదమ్మే. చుట్టు తిరిగే కదా వస్తాండాం."

మంజుల నాతో మేకులు పీకించి అద్దం తీయించింది. తరువాత కంచెకని అంగుళం ఖాళీ వదిలి ఆ ముక్కను అంటించి, కొత్త ఎర్ర దారాన్ని చుట్టు తిప్పి కలిపింది. నేను మౌంట్ పెద్దది కోశాను. రైలు తప్పిపోయి, బస్సుకు పోయారు.

ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా, బ్లేడు పట్టే ముందు అంచు ఎక్కడికో వాళ్లనే చూపించమంటాను. పని నేర్పేటప్పుడు ఈ సంగతి చెబుతాను కూడా. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాగమ్మ రాకుండా, మంజుల ఒక్కతే రైలు తొందరలో సరిగా చూడకుండా తీసుకుపోయి ఉంటే, నేను నోరు తెరిచేవాణ్ణి కాదు. సాయంత్రం ఆ ముక్కను చెత్తతో పాటే పారబోసేవాణ్ణి.