గ్లాసులో వణికిన నీళ్లు

ఇంటర్మీడియట్‌లో నేను ఫ్రెంచ్ తీసుకున్నది మార్కుల కోసమే. అందరూ అందుకే తీసుకునేవారు. కొన్ని జవాబులు బట్టీ పట్టి రాస్తే నూటికి దగ్గరగా వచ్చేవి. ఒకరోజు పాఠంలోని ఒక వాక్యానికి అర్థం అడిగితే మా లెక్చరర్ నవ్వి, "అర్థంతో నీకేం పనమ్మా, అది పరీక్షలో రాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఆ పంతంతోనే, నాచారంలో ఒక మందుల కంపెనీలో లెక్కలు చూసుకుంటూ, ఇన్నేళ్లుగా ఫ్రెంచ్ నవలలు చదువుతున్నాను.

మొదటిది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నాను. ముందు పేజీలు చిరిగిపోయి, పైన ఏమీ రాయని అట్ట అతికించి ఉంది కాబట్టి దాని పేరు గానీ, రాసినవాళ్ల పేరు గానీ తెలియదు. అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. అందులో ప్యారిస్‌లోని ఒక ఇరుకు వీధి ఉంది. పొద్దున్నే ఆ వీధి రాళ్లను నీళ్లతో కడుగుతారు, తడి రాళ్లలో ఆకాశం కనిపిస్తుంది. ఉప్పల్ చౌరస్తాలో దుమ్ము మింగుతూ బస్సు కోసం నిలబడినప్పుడు నాకు ఆ రాళ్లే గుర్తొచ్చేవి. ఎన్నడూ వెళ్లని వీధిలో ఏ మలుపు తర్వాత ఏ దుకాణం వస్తుందో నాకు తెలుసు. అచ్చక్షరాలకు ఇంత శక్తి ఎక్కడిదో ఇప్పటికీ అంతుపట్టదు.

ఒక్క చోటే అర్థం కాలేదు. ఆ వీధిలో ఉండే ఒంటరి స్త్రీ ఒకామె బల్ల దగ్గర రొట్టె కోసుకుంటూ ఉంటుంది. ఎదురుగా గ్లాసులో నీళ్లు వణుకుతాయి. ఆమె తలెత్తి చూడదు. అంతే, కథ ముందుకు పోతుంది. నీళ్లెందుకు వణికాయి? భూకంపమా? చనిపోయిన భర్త వచ్చాడా? మాటలన్నీ తెలుసు, సంగతి తెలియదు.

ఈ ఏడాది మా ఆయన అక్క నాగోల్ నుంచి వచ్చి ఒక టూరు గురించి చెప్పింది. ఆదివారంలోగా పేరివ్వాలట.

"ఐదు దేశాలు జూపిస్తరు మరదలా. ప్యారిస్ల ఒక్క పూట ఆపుతరు. టవర్ కాడ ఫోటో దిగుడు, పప్పన్నం దినుడు, బస్సెక్కుడు."

"నాకు ఆ ఒక్క ఊరే గావాలె వదినా. ఆ గల్లీలనే ఉండాలె."

"ఒక్కదానివే పోయి ఏం జేస్తవే ఆడ? గోడలు సూస్తవా?"

"సూస్త."

ఈవిడే మా గృహప్రవేశం రోజున నా ఆ మొదటి నవలను వేడి సాంబారు గిన్నె కింద పెట్టింది. అట్ట మీద గుండ్రటి మచ్చ ఇంకా ఉంది. అడిగితే, "పాత బుక్కే గదా" అంది.

మా ఆయన మధ్యలో దూరి తీర్పు చెప్పాడు. "ఆదివారం లోపట ఆడ ఉండనీకి జాగ దొరికితే నీ ఇష్టం. లేకుంటే అక్కతోటి పో."

పట్టుబట్టి వెతికితే ఆ వీధిలోనే ఒక చిన్న హోటల్ కనిపించింది. గది ఉందా, మీ హోటల్ ఏ పిల్లర్ నంబర్ దగ్గర అని ఫ్రెంచ్‌లో మెయిల్ రాశాను. ఉప్పల్‌లో ఇల్లెక్కడో చెప్పాలంటే చుట్టాలకైనా, డెలివరీ వాళ్లకైనా మెట్రో పిల్లర్ నంబరే చెబుతాం. ఇన్ని నవలల్లో మనుషులు మెట్లు దిగి మెట్రో ఎక్కుతుంటే చదివాను గానీ, రాసిన వేళ్లు ఉప్పల్ వేళ్లు.

జవాబు శనివారం సాయంత్రం దాకా రాలేదు. ఆలస్యానికి నిష్ఠూరంగా ఇంకో మెయిల్ మొదలుపెట్టేలోగా వచ్చింది. హోటల్ నడిపే పెద్దాయన ఇలా రాశాడు: "మా దగ్గర పిల్లర్లు లేవు, మేడమ్. రైలు మా ఇంటి కింద నుంచి పోతుంది. ఖాళీగా ఉన్నది కింది అంతస్తు గది ఒక్కటే. రైలు పోయినప్పుడల్లా బల్ల మీది గ్లాసులో నీళ్లు వణుకుతాయి. కొందరు ఫిర్యాదు చేస్తారు, అందుకే ముందే చెబుతున్నాను."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. భూకంపమూ కాదు, భర్తా కాదు. ఆమె కాళ్ల కింద నుంచి ఊరు ఊరంతా ఇళ్లకు పోతోంది, ఆమె రొట్టె కోసుకుంటోంది. తెలిసిన శబ్దానికి తలెవరు ఎత్తుతారు? నా కిటికీ ముందు నుంచి రైలు పోతే నేనెత్తుతానా?

ఎస్కలేటర్ ఆగినా, బస్సు ఆగకపోయినా ఊరుకోకుండా ఫిర్యాదు రాసే మనిషిని నేను. ఆ పెద్దాయనకు మాత్రం, ఆ గదే కావాలి, ఇంకోటి ఖాళీ అయినా ఇవ్వొద్దని రాశాను. పొద్దునకల్లా గది ఖాయమైంది.

ఆదివారం పేరు అడగడానికి వచ్చిన వదినకు ఆ పేజీని, తర్వాత ఆ మెయిల్‌ను తెలుగులో చదివి వినిపించాను. ఆమె లేచి వెళ్లి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. కిటికీ బయట, పిల్లర్ల మీదుగా రైలు పోయింది. ఇద్దరం వంగి చూశాం. నీళ్లు కదల్లేదు.

"మనది మీదికెల్లి పోతది గదా" అంది మెల్లగా. గ్లాసు పక్కకు జరిపి, "ఆ రూముల ఇంకో మంచం పడ్తదా?" అని అడిగింది.

కనుక్కుని చెబుతానన్నాను. నవల తీసి, మచ్చ ఉన్న అట్ట పైకి కనిపించేలా ఆమె ముందే పెట్టాను.